లేజర్‌కు దొరకని జాడలు

దట్టమైన అడవి కింద ఏముందో ఆకాశం నుంచి చూసి చెప్పే పద్ధతి ఒకటుంది. పేరు లైడార్. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపుతారు. చాలావరకు ఆకులకే తగులుతాయి. కొన్ని సందుల్లోంచి నేలను తాకి తిరిగొస్తాయి. వాటిని ఏరి, కంప్యూటర్ చెట్లు లేని నేల పటం గీస్తుంది. గ్వాటెమాలా అడవిలో ఇలాగే 60 వేలకు పైగా మాయా కట్టడాలు తేలాయని 2018లో ప్రకటించారు. రేపు ఈ విమానం నల్లమల మీదికీ రావచ్చు.

రానివ్వండి. కానీ యంత్రం చూపిందే చరిత్ర అంటే మేము ఒప్పుకోం. పటానికి వెలుగునీడలు వేసేది మనిషే. ఒకే దిక్కు నుంచి వెలుగు వేస్తే, ఆ దిక్కు వెంట సాగే గట్టు మాయమవుతుంది. అందుకే తెలిసినవాళ్లు అనేక దిక్కుల నుంచి వెలుగు వేసి చూస్తారు. అయినా తెర మీది గుంట పాత కుంటో, అటవీ శాఖ తవ్వించిన కందకమో ఆ దారిన తిరిగినవాళ్లే చెప్పాలి.

పైగా నేల మీద ఎత్తుపల్లంగా మిగిలిందే పటానికెక్కుతుంది. విజయనగర కాలం నాటి కంభం చెరువు కట్ట ఎక్కుతుంది. మరి చెంచు పెంట? వెదురు దడి, గడ్డి కప్పు మట్టిలో కలిసిపోతాయి. తేనె దించే చరియ, గడ్డలు తవ్వుకునే చోటు, లింగమయ్యకు మొక్కే బండ పటంలో ఉత్త నేలే. అడవిని అడవిగా ఉంచినందుకు మనవాళ్లు అక్కడ లేనేలేరంటారా?

ఇది ఉత్త చదువుల తగాదా కాదు, హక్కు పత్రాల తగాదా. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు పాత బావులను, శ్మశానాలను, పవిత్ర స్థలాలను, రాతలో పెట్టిన పెద్దల మాటను సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతికత ఆ సాక్ష్యాలకు తోడే గాని బదులు కావని 2012 సవరణ చెప్పింది. గిద్దలూరు, దోర్నాల, యర్రగొండపాలెం గూడేల యువత ఈ మాట కంఠతా పట్టాలి.

మేము అడిగేవి మూడు. గ్రామసభకు చెప్పకుండా సర్వే చేయొద్దు. పటం ముందు గూడేనికి చూపాలి, చోట్ల పేర్లు గూడెమే చెప్పాలి. గుప్తనిధుల దొంగలకు దారి చూపేలా ఆనవాళ్లు బయటపెట్టొద్దు.

ఉపాధ్యాయ మిత్రులారా, విమానం వచ్చేదాకా ఆగొద్దు. పిల్లలను పెద్దల వెంట అడవికి పంపండి. ప్రతి వాగుకూ, బండకూ, పాత పెంటకూ ఉన్న పేరు రాయించండి. పెద్దల చేత వేలిముద్ర వేయించి గ్రామసభలో దాచండి.