హోమ్ డైరెక్టరీల మౌంట్లను యూడీపీ నుంచి టీసీపీకి మార్చాలని వినతి

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటర్ సెంటర్ ఇన్‌ఛార్జి గారికి,

పరిశోధక విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్లు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

అయ్యా,

ఏ ల్యాబులో ఏ మిషన్ దగ్గర లాగిన్ అయినా మా ఫైళ్లు మాకు దొరుకుతున్నాయంటే అది సెంటర్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ చలవే. అయితే మధ్యాహ్నం ప్రాక్టికల్స్ మొదలై ల్యాబులన్నీ ఒక్కసారి నిండగానే స్క్రీన్లు బిగుసుకుపోతున్నాయి. లాగ్‌లో ‘సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రైయింగ్’ అని పడుతుంది, కాసేపటికి ‘ఓకే’ అంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. అడిగిన ప్రతిసారీ డిస్కులు పాతబడ్డాయని, కొత్త సర్వర్‌కు నిధులు రావాలని జవాబు. డిస్కుల సంగతి తర్వాత చూద్దాం. రూపాయి ఖర్చు లేని పని ఒకటి ముందుంది: మౌంట్లు ఇప్పటికీ యూడీపీ మీదే నడుస్తున్నాయి.

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చిన రోజుల్లో యూడీపీయే సరైన ఎంపిక. ప్రాసెసర్లు బలహీనం, నెట్‌వర్క్ అంటే ఒకే గదిలోని కేబుల్, ఒక్కో రీడ్‌కు గరిష్ఠంగా 8 కిలోబైట్లు. 1995లో మూడో వెర్షన్ వచ్చి ఆ పరిమితి పోయింది. మన మౌంట్లలో రీడ్ సైజు 32 కిలోబైట్లు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈథర్‌నెట్ ఫ్రేములో పట్టేది 1,500 బైట్లు. 32 కిలోబైట్ల జవాబు యూడీపీలో బయల్దేరితే ఐపీ దాన్ని 23 ముక్కలు చేస్తుంది. వాటిలో ఒక్కటి దారిలో పోయినా మిగతా 22 పనికిరావు. క్లయింట్ టైమర్ ముగిసేదాకా ఆగి మొత్తం మళ్లీ అడగాలి. ఒక్క గింజ తగ్గిందని బస్తా మొత్తం వెనక్కి పంపడం లాంటిదే ఇది. వంద ప్యాకెట్లకు ఒకటి పోతుందనుకుంటే, లెక్క కడితే ఐదింట ఒక రీడ్ మళ్లీ పంపాల్సి వస్తుంది. టీసీపీ అయితే పోయిన సెగ్మెంట్‌ను మాత్రమే తిరిగి పంపుతుంది, దారి ఇరుకైందని గ్రహించి వేగం తగ్గించుకుంటుంది. మన సర్వర్ 10 గిగాబిట్, ల్యాబ్ మిషన్లు 1 గిగాబిట్, పాత ల్యాబులో స్విచ్ ఇంకా 100 మెగాబిట్. ముక్కలన్నీ ఒక్కసారిగా వచ్చి పడితే ఆ చిన్న స్విచ్ బఫర్ ఎక్కడ ఆపుతుంది?

నెమ్మదిని భరించవచ్చు. ఫైలు పాడైతే ఎవరిని అడగాలి? ఐపీ ముక్కలకు వేసే గుర్తింపు సంఖ్య 16 బిట్లే, అంటే 65,536 సంఖ్యలు. గిగాబిట్ వేగంతో 32 కిలోబైట్ల జవాబులు ఆగకుండా వస్తే 17, 18 సెకన్లలో ఆ సంఖ్యలు ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదలవుతాయి. లైనక్స్ మాత్రం అసంపూర్తి ముక్కలను 30 సెకన్లు దాచి ఉంచుతుంది. పాత ముక్క కొత్త జవాబులో అతుక్కునే అవకాశం అలా వస్తుంది. చెక్‌సమ్ చాలావరకు పట్టుకుంటుంది, కానీ అదీ 16 బిట్లదే. ఈ ప్రమాదాన్ని 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4963 వివరించింది. లైనక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ మాన్యువల్ కూడా హెచ్చరిస్తోంది. థీసిస్ డేటాలో ఒక బ్లాకు చప్పుడు లేకుండా మారిపోతే గైడ్ గారికి గానీ మాకు గానీ తెలిసే దారి లేదు.

యూడీపీయే వేగంగా వచ్చిందని సెంటర్‌వారు ఒక పరీక్ష చూపిస్తున్నారు. ఖాళీ నెట్‌వర్క్‌లో, ఒక్క మిషన్ మీద, ర్యామ్‌లో ఇమిడిపోయే ఫైలుతో చేసిన పరీక్ష అది. రెండోసారి చదివినప్పుడు కొలిచింది కాష్‌ను, నెట్‌వర్క్‌ను కాదు. ర్యామ్ కన్నా పెద్ద ఫైలుతో, ల్యాబులు నిండిన మధ్యాహ్నం, అన్ని మిషన్ల మీద ఒకేసారి రెండు ప్రోటోకాల్‌లనూ కొలవాలని, ముందూ వెనకా ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్‌లో రీట్రాన్స్‌మిషన్ల లెక్క తీసి నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాం. ఆ సమయంలో సర్వర్‌ను ‘అసింక్’లో పెట్టి వేగం చూపించవద్దు. కరెంటు పోతే రాసిన డేటా పోయేది అందులోనే.

మా ప్రధాన కోరిక చిన్నది. మూడో వెర్షన్‌లోనే ఉంచి, అన్ని మిషన్ల ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూడీపీ బదులు టీసీపీ పెట్టండి, మౌంట్లు ‘హార్డ్’గా ఉంచండి. మౌంట్ తీసి మళ్లీ వేయాలి గనుక ఆదివారం ఒక్కో ల్యాబు చొప్పున చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. టెక్నీషియన్లం మేమే వస్తాం. నాలుగో వెర్షన్‌కు రద్దీని అదుపు చేసే ప్రోటోకాల్ తప్పనిసరి, యూడీపీకి అందులో చోటు లేదు. అయితే దానికి యూజర్ పేర్ల మ్యాపింగ్ సరిచూసుకోవాలి, అందుకే తొందరపెట్టడం లేదు. మరో రవాణా పద్ధతి అయిన ఆర్‌డీఎంఏను అడగడం లేదు, దాని లాభం దక్కాలంటే ప్రత్యేక కార్డులు కొనాలి. ఓఎస్ అప్‌గ్రేడ్ చేశాక, కెర్నెల్ 5.3 నుంచి ఉన్న ఎన్‌కనెక్ట్ ఆప్షన్‌తో క్లస్టర్ మిషన్లకు ఒకటికి మించి టీసీపీ కనెక్షన్లు ఇస్తే చాలు.

మరో మాట. 2020లో వచ్చిన కెర్నెల్ 5.6 నుంచి లైనక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో యూడీపీని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఈ మార్పు ఇప్పుడు చేయకపోతే, అప్‌గ్రేడ్ చేసిన రోజు హోమ్ డైరెక్టరీలు మౌంట్ కాక పరుగెత్తాల్సి వస్తుంది.

కాబట్టి వచ్చే సెమిస్టర్ ల్యాబులు మొదలయ్యేలోగా ఈ మార్పుకు లిఖితపూర్వక ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
పరిశోధక విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్లు