సందు లేని ఊళ్లు

మొగల్తూరు అనగానే చాలామందికి సినిమా హీరోలు గుర్తొస్తారు. కొందరికి కలిదిండి రాజుల సంస్థానం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ వైపు ఊళ్ల సందులు గుర్తొస్తాయి. ఒక వీధిలోంచి ఇంకో వీధిలోకి, పెరటి గుమ్మంలోంచి చెరువు గట్టు మీదికి దారితీసే ఆ సందులు ఆడవాళ్లవే! లేసు అల్లికల దారం పట్టుకుని నాలుగిళ్లు తిరగాలన్నా, మజ్జిగకో పేరంటానికో వెళ్లాలన్నా పెద్దరోడ్డెక్కే పని ఉండేది కాదు. అలాగని అవి అందరికీ తెరిచి ఉండేవని చెబితే అబద్ధమే. కాలువ అవతలి పేటల వాళ్లకు ఊరి వీధులన్నీ ఎప్పుడు దక్కాయి గనక?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలయింది. గట్టే బాట. వంతెన ఉన్నచోటే సెంటరు. ఇప్పుడు భీమవరం, పాలకొల్లు, నరసాపురం, రాజమండ్రి, ఎటు వెళ్లినా చేలు పూడ్చి వేసిన వెంచర్లే కనిపిస్తాయి. రోడ్డు మీద పెద్ద ఆర్చి, లోపల నాలుగు సిమెంటు రోడ్లు, చివర గోడ. లేదంటే చేపల చెరువు. పక్క వెంచరు గోడ అవతలే ఉన్నా అక్కడికి దారుండదు. దారి వదిలితే ఒక ప్లాటు తగ్గుతుంది మరి! పైగా వీధిపోటు భయం ఒకటి.

దీంతో నష్టం ఎవరికి? ఆయనకి బండి ఉంది, రయ్యిన వెళ్లిపోతారు. అత్తగారు గుడికి, పిల్లలు బడికి, మనం కూరలకి నడవాలి కదా! గోడ అవతలి స్నేహితురాలింటికి వెళ్లాలంటే ఆర్చి దాటి, లారీలు తిరిగే రోడ్డు వెంట నడిచి, ఇంకో ఆర్చిలో దూరాలి. 2025 ఆగస్టు 15 నుంచి మనకు ఆర్టీసీ బస్సు ఉచితమన్నారు, సంతోషమే. అయితే ఆ బస్సు ఆర్చి లోపలికి రాదుగా!

2020 డిసెంబరులో ఆడవాళ్ల పేరు మీదే ఇళ్ల పట్టాలిచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. పేరు మనదైంది, మంచిదే. కానీ చాలాచోట్ల ఆ స్థలాలు ఊరికి దూరంగా, పల్లపు చేలల్లో ఉన్నాయి.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు. బారింగ్టన్-లీ, మిల్లర్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలోని వీధులన్నీ లెక్కగట్టి 2020లో తేల్చిందేమిటంటే, 1975 నుంచి కొత్తగా వేసే వీధులు ఒకదానితో ఒకటి కలవకపోవడం పెరుగుతూ వచ్చిందట. అమెరికాలో మాత్రం 1994 ప్రాంతంలో అది పరాకాష్ఠకు చేరి, తర్వాత తగ్గిందని అంతకుముందు 2015లోనే వాళ్లు చెప్పారు. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం అప్పు చేసి మరీ కొనుక్కుంటున్నామన్నమాట! ఇల్లయితే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. ప్లాట్లు అమ్ముడయ్యాక వీధిని ఎవరు మారుస్తారు?

స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని ఆరా తీస్తాం. చివరి గోడ అవతల ఏముందని ఒక్కరమూ అడగం. 2011 నుంచి మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవే. లేఅవుటు ఫైలు వచ్చిన రోజున సర్పంచమ్మైనా ఆ మాట అడగొచ్చు. ఆరడుగుల వెడల్పున డెబ్భై అడుగుల కాలిబాట వదిలితే పోయేది సుమారు ఒక సెంటు భూమి.