అమ్మాయి సముద్రం చదువుతానంది

ఈ శీర్షికలో ఇంతవరకూ కంప్యూటర్ చదువుల గురించీ, కాలేజీ అప్లికేషన్ల గురించీ రాస్తూ వచ్చాను. ఈసారి సముద్రం గురించి రాయాల్సి వచ్చింది. కారణం మా అమ్మాయి. మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉంది. థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చి, గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "నాన్నా, గ్రాడ్ స్కూల్లో ఓషన్ ఇంజనీరింగ్ చేద్దామనుకుంటున్నా" అంది.

నా నోటి వెంట వచ్చిన మొదటి మాట, "ఉద్యోగాలుంటాయా?" ఇరవై ఏళ్ళకు పైగా ఐ.టి.లో ఉన్నవాడికి అంతకంటే గొప్ప ప్రశ్న ఏం తడుతుంది? కానీ అసలు అభ్యంతరం నాది కాదు, ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చిన మా అమ్మది. వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి, "సముద్రం జోలి మనకెందుకే తల్లీ?" అంది.

మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నేనింకా పుట్టలేదు. అమ్మకి పదిహేడేళ్ళు. ఊళ్ళో ఒక డాబా మీదికెక్కి బతికింది. నాగాయలంక వైపు ఉండే వాళ్ళ మేనత్త ఇంట్లో మాత్రం ఎవరూ మిగల్లేదు. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేలకు తక్కువ ఉండరు. అమ్మ ఇప్పటికీ బీచికి వస్తే ఇసుకలోనే కూర్చుంటుంది, నీళ్ళలో కాలు పెట్టదు.

నా ప్రశ్నకి ఇంటర్నెట్‌లో జవాబు దొరుకుతుంది. అమ్మ ప్రశ్నకి అంత తేలిగ్గా దొరకదు. రెండిటి కోసమూ రెండు నెలలు చదివాను. మీ పిల్లల్లో ఎవరైనా ఇదే మాట అంటే పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఓషనోగ్రఫీ వేరు, ఓషన్ ఇంజనీరింగ్ వేరు. సముద్రం ఎందుకలా ప్రవర్తిస్తుందో కనిపెట్టేది మొదటిది. అందులో భౌతిక, రసాయన, జీవ, భూగర్భ శాఖలని ముఖ్యంగా నాలుగున్నాయి. ఆ సముద్రంలో నిలిచి పనిచేసే వస్తువుల్ని తయారుచేసేది రెండోది. నీటి అడుగున తిరిగే రోబోలు, కొలత పరికరాలు, గాలిమరలు, చమురు వేదికలు, రేవులు దాని కిందికి వస్తాయి. బాచిలర్స్‌లో సముద్రం పేరు ఉండాలన్న నియమం లేదు. ఫిజిక్స్, మాథ్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివినవాళ్ళు మొదటిదానికీ, మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళు రెండోదానికీ ఎక్కువగా వెళ్తుంటారు.

ఇంజనీరుకు సముద్రం పెట్టే పరీక్ష మామూలుది కాదు. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణమంత పీడనం పెరుగుతుంది. అంటే 2,000 మీటర్ల లోతున సుమారు 200 రెట్లు. ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. రేడియో తరంగాలు అందులో దూరం పోలేవు కాబట్టి జి.పి.ఎస్. లేదు, వై-ఫై లేదు. మిగిలింది శబ్దం. అది నీళ్ళలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు, గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎవరో ఒకరు వెళ్ళి రీస్టార్ట్ చేస్తారు. అక్కడ బటన్ నొక్కడానికి మనిషి ఉండడు.

పిల్లలకి చెప్పడానికి మంచి ఉదాహరణ ఆర్గో ఫ్లోటు. ఇది మనిషి ఎత్తుకి కాస్త అటూఇటూగా ఉండే గొట్టం. 1,000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కదులుతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, అక్కణ్ణుంచి పైకి వస్తూ దారిపొడుగునా వేడినీ, ఉప్పదనాన్నీ కొలుస్తుంది. పైకి రాగానే ఆ లెక్కలు ఉపగ్రహానికి పంపి మళ్ళీ మునుగుతుంది. లోపలి నూనెను బయటి సంచీలోకి పంపు చేస్తే తేలుతుంది, వెనక్కి తీసుకుంటే మునుగుతుంది. అంతే యంత్రాంగం! ఇలాంటివి ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 తిరుగుతున్నాయి. ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. భారతదేశం తరఫున వాటిని చూసుకునే ఇన్‌కాయిస్ సంస్థ సముద్రమే లేని హైదరాబాదులో 1999లో మొదలైంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి, సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పనిచేస్తోంది.

ఇక్కడే అమ్మ ప్రశ్నకి జవాబు మొదలవుతుంది. తుఫానుకు తిండి వేడినీరు. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిపోసే మంచినీళ్ళు బంగాళాఖాతం మీద తేలికైన పొరలా పరుచుకుంటాయి. ఆ పొర కింది చల్లటి నీటిని సులువుగా పైకి రానివ్వదు. పైన వేడి అలాగే నిలుస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ, నేల పల్లం. తుఫాను గాలి నెట్టిన నీటికి ఊళ్ళ మీదికి రావడం తప్ప దారి ఉండదు. ఈ పైపొరను అర్థం చేసుకోవడానికే 2013 తర్వాతి ఏళ్ళలో అమెరికా, భారత శాస్త్రవేత్తలు కలిసి బంగాళాఖాతంలో తిరిగారు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థ నడిపే రోజర్ రెవెల్ నౌక కూడా ఆ పనిమీద వెళ్ళింది.

అంతకు చాలా ముందే, 1950లలో, శాన్ డియేగో నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. మన తూర్పు తీరంలో అడుగునీరు ఎప్పుడు పైకి వస్తుందో, ఎప్పుడు దిగిపోతుందో ఆయన పరిశోధించారు. ఇది మనకు కొత్త చదువేమీ కాదు, మన ఇళ్ళలో మాట్లాడుకోని చదువు.

ఇక చోట్లు. స్క్రిప్స్ 1903లో మొదలైంది. మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ 1930లో పుట్టింది. 1968 నుంచి ఎం.ఐ.టి., వుడ్స్ హోల్ కలిసి డాక్టరేట్లు ఇస్తున్నాయి. రోడ్ ఐలాండ్, వాషింగ్టన్, ఆరెగాన్ స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం, హవాయి, ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయాలు కూడా చూడదగినవే. ఇండియాలో చదివేవాళ్ళకి ఐ.ఐ.టి. మద్రాసులో ఓషన్ ఇంజనీరింగ్ విభాగం ఉంది.

డబ్బు సంగతి. పిహెచ్.డి.కి సాధారణంగా ఫీజు వాళ్ళే భరించి నెలనెలా భృతి ఇస్తారు. మాస్టర్స్‌కి చాలాచోట్ల మనమే కట్టుకోవాలి. పరిశోధన డబ్బులో పెద్దభాగం ప్రభుత్వానిది కాబట్టి బడ్జెట్‌ను బట్టి సీట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. ఏ ప్రొఫెసరు దగ్గర చేయాలో ముందే చూసుకుని, ఆయనకో ఆవిడకో ఉత్తరం రాసి, ఆ తర్వాత అప్లై చేయడం ఇక్కడి పద్ధతి. నౌకాదళంతో ముడిపడ్డ పనుల్లో చాలావాటికి పౌరసత్వం అడుగుతారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇబ్బంది లేదు. ఇండియా నుంచి వచ్చే మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ ఈ విషయం ముందే కనుక్కోవాలి.

ఉద్యోగాలా? 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ విమాన శకలాల్ని 2011లో దాదాపు 3,900 మీటర్ల లోతున వెతికి పట్టుకున్నవి వుడ్స్ హోల్ బృందం నడిపిన రోబోలే. మనం ఇండియాకి చేసే ఫోన్లు సముద్రం అడుగు కేబుళ్ళ మీదే వెళ్తున్నాయి. వాటిని వేసేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు కావాలి. కోడ్ రాసేవాళ్ళూ కావాలి. జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీలంత ఉంటుందని ఆశపెట్టుకోకండి. పరిశోధన నౌకల మీద వారాల తరబడి, రోజుకి పన్నెండు గంటల డ్యూటీలు, వాంతులు కూడా ఉంటాయి.

చిన్నపిల్లలున్నవాళ్ళు సీపెర్చ్ సంగతి చూడండి. ప్లాస్టిక్ పైపులతో నీటి అడుగు రోబో కట్టి ఈతకొలనులో నడిపే కార్యక్రమం అది.

క్రిస్మస్ సెలవుల్లో అమ్మాయి లాప్‌టాప్ మీద ఆర్గో మ్యాపు తెరిచి నానమ్మకి చూపించింది. బంగాళాఖాతం మీద చుక్కలు చుక్కలు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇవి అప్పుడుంటే మా అత్తావాళ్ళు బతికేవాళ్ళా?" అని అడిగింది.

అమ్మాయి తొందరపడలేదు. "ఇవొక్కటే చాలవు నానమ్మా. ముందే తెలియాలి, కబురు ఊరికి చేరాలి, జనాన్ని తరలించాలి" అంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపే లక్షల మందిని ఖాళీ చేయించారనీ, పోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారనీ చెప్పింది.

అమ్మ ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం మనవరాలి గదిలోకి వెళ్ళి, "చదువు. కానీ ఓడ ఎక్కే ముందు నాకు ఫోన్ చెయ్యి" అంది.

నా ప్రశ్న ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను కూడా.