మీటరు చూపని చావులు

మనిషి చంద్రుడి దాకా పోయిన ప్రతిసారీ రెండు మాటలు వినబడతాయి. ఒకటి కడుపు నిండినవాళ్ళ మాట: ఇది మానవజాతి విజయం, ఇందులో కులమేంది, రంగేంది, చప్పట్లు కొట్టండి! రెండోది జాలిగుండెల మాట: కూటికి లేనివాళ్ళు ఇంతమంది ఉండగా చంద్రుడి మీద డబ్బు తగలేయడమేంది? మేము ఈ రెండు మాటలకూ దూరం. చప్పట్లు కొట్టమనేవాడికి మన చేతులు మాత్రమే కావాలి. జాలిపడేవాడు మన ఆకలిని అడ్డం పెట్టి మనకు సైన్సు వద్దంటాడు. మనం అడగాల్సింది మూడో ప్రశ్న. పైకి పోయిన యంత్రం చెడిపోతే లోకం ఏం చేస్తుంది? కిందికి దిగిన మనిషి తిరిగి రాకపోతే అదే లోకం ఏం చేస్తుంది?

ముందుగా అమెరికా నల్లవాళ్ళ సంగతి చెప్పుకోవాలి. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంఘానికి పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది వాళ్ళను చూసే కదా!

1969 జూలై 16న అపోలో 11 లేచింది. ముందురోజు ఆ ప్రయోగ కేంద్రం దగ్గరికి రాల్ఫ్ అబర్నతీ పోయాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత ఆయన సంస్థను నడిపినవాడు ఈయనే. వెంట పేద కుటుంబాలు, ఒక కంచరగాడిదల బండి. వ్యోమగామి ఒకరోజు తిండికి 12 డాలర్లు, ఆకలిగొన్న బిడ్డకు 8 చాలు అని అట్టల మీద రాసి పట్టుకున్నారు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికొచ్చి విన్నాడు. మీట నొక్కకుండా ఆపితే పేదరికం పోయేట్టయితే మేం నొక్కం అన్నాడు. నిజమే, ఆపితే పోదు. మరి పేదరికాన్ని పోగొట్టే మీట ఎక్కడుంది? అది ఎవరి చేతిలో ఉంది? దానికి జవాబు లేదు. వచ్చినవాళ్ళలో కొందరికి ప్రయోగం చూడ్డానికి చోటు మాత్రం ఇచ్చారు. కూడు అడిగితే వేడుక చూపించారు.

అబర్నతీ ప్రయోగం ఆపమని పోలేదు. ఆ ముగ్గురూ క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థిస్తామన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే: ఆ తెలివి, ఆ పట్టుదల మా వాడలోకి ఎందుకు రావు? మరుసటి ఏడు గిల్ స్కాట్-హెరాన్ అనే నల్లజాతి కవి 'వైటీ ఆన్ ది మూన్' పాడితే అందులోనూ ఇదే మంట. అక్కను ఎలుక కొరికితే వైద్యానికి డబ్బుల్లేవు, తెల్లవాడు మాత్రం చంద్రుడి మీదున్నాడు. 1969 నుంచి 1972 దాకా చంద్రుడి మీద నడిచిన 12 మందీ తెల్లవాళ్ళే. వాళ్ళ లెక్కలు గట్టిన చోట మాత్రం కేథరిన్ జాన్సన్ లాంటి నల్లజాతి స్త్రీలున్నారు. చాకిరీకి రంగు అడ్డం రాలేదు, పేరుకే అడ్డమొచ్చింది.

ఇక అసలు సంగతి. 1970 ఏప్రిల్ 11న అపోలో 13 లేచింది. తొమ్మిది నెలలకే అమెరికా జనానికి చంద్రుడు పాతబడ్డాడు. 13వ తేదీ రాత్రి లోవెల్, స్వైగర్ట్, హేజ్ అంతరిక్షం నుంచి కార్యక్రమం చేసి చూపిస్తుంటే ఒక్క పెద్ద టీవీ సంస్థ కూడా దాన్ని అప్పటికప్పుడు ప్రసారం చేయలేదు. కాసేపటికే ఆక్సిజన్ ట్యాంకు పేలింది. భూమికి సుమారు 3 లక్షల 20 వేల కిలోమీటర్ల దూరం. అప్పుడు లేచింది లోకం! టీవీలన్నీ అటే తిరిగాయి. రోములో పోపు ప్రార్థన చేశాడు. బద్ధశత్రువు సోవియట్ యూనియన్ ఓడలు పంపుతామంది. మేము దాన్ని వెక్కిరించం. ముగ్గురు మనుషుల కోసం లోకం తల్లడిల్లడం మంచిదే. మనుషులంటే అట్లాగే ఉండాలి.

కొందరు మాత్రం 13 అచ్చిరాలేదన్నారు. హ్యూస్టన్ గడియారంలో 13 గంటల 13 నిమిషాలకు లేచిందని, 13వ తేదీనే పేలిందని లెక్కలు తీశారు. మనం నవ్వాల్సిన పనిలేదు. 2023 జూలైలో చంద్రయాన్-3 నమూనాను తిరుమలకు మోసుకుపోయిన శాస్త్రవేత్తలున్న దేశం మనది. అయితే అక్కడ ఆ మాట చెల్లలేదు. ఏప్రిల్ 17న ముగ్గురూ సముద్రంలో దిగారు. ఆ రోజే విచారణ సంఘాన్ని వేశారు. జూన్ 15కల్లా నివేదిక వచ్చింది.

అందులో ఏం తేలింది? ఆ ట్యాంకు అంతకుముందు ఫ్యాక్టరీలో రెండంగుళాల ఎత్తు నుంచి కింద పడింది. ప్రయోగానికి ముందు పరీక్షలో ఆక్సిజన్ సరిగా బయటికి పోకపోతే లోపలి హీటర్లు వేసి గంటల తరబడి మరిగించారు. హీటరును ఆపాల్సిన స్విచ్చులు 28 వోల్టులకు చేసినవి, ఇచ్చిన కరెంటు 65 వోల్టులు. స్విచ్చులు అతుక్కుపోయాయి. లోపల వేడి 500 డిగ్రీలు దాటి తీగల తొడుగులు కాలిపోయాయి. ఎవరూ చూడలేదా? చూశారు. కానీ ఆ మీటరు 27 డిగ్రీలకు మించి చూపదు! అంతకు మించి వేడెక్కదనే నమ్మకంతో చేసిన మీటరు అది. లోపల కాలిపోతుంటే మీటరు అంతా బాగుందంది.

అయ్యలారా, అమ్మలారా, ఈ మీటరును గుర్తుపెట్టుకోండి.

పేలిన తర్వాత ఆ ముగ్గురూ ఇద్దరి కోసం చేసిన చంద్రయానంలోకి మారారు. మూసిన గదిలో వదిలిన ఊపిరే విషమవుతుందని బడిపిల్లవాడికీ తెలుసు. ఆ గాలిని శుభ్రం చేసే డబ్బాలు ఒక దాంట్లో చదరం, ఇంకో దాంట్లో గుండ్రం, ఒకదానికొకటి పట్టవు. కింద ఇంజనీర్లు ప్లాస్టిక్ సంచులు, అట్టలు, గొట్టాలు, అంటించే టేపు ముందేసుకుని ఉపాయం కనిపెట్టారు. అది రేడియోలో చెబితే పైవాళ్ళు చేసుకున్నారు. ముగ్గురి ఊపిరి కోసం అంత తెలివి దిగింది.

ఇప్పుడు మా వాళ్ళ ఊపిరి సంగతి. 2016 ఆగస్టులో హైదరాబాదు మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్ళు విషవాయువుకు పడిపోయారు. కాపాడబోయినవాడూ పోయాడు. మొత్తం నలుగురు. అది చంద్రుడి దగ్గర కాదు, కంప్యూటర్ కంపెనీల పక్క వీధిలో. ఆ గొయ్యిలోకి ముందు గాలి పంపాలని, వాయువు ఉందో లేదో చూడాలని, అసలు మనిషినే దింపకూడదని తెలియక కాదు. దిగేవాడు ఎవడో తెలుసు కనుక! చస్తే తాగి దిగాడంటారు, తలరాతంటారు. అపోలోకు చెల్లని తలరాత మాలమాదిగలకు, రెల్లి, మెహతర్లకు మాత్రం ఎందుకు చెల్లుతోంది?

చట్టాలు లేవా? 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. 2003లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది సర్కారు కాదు, సఫాయి కర్మచారి ఆందోళన్. 2014 మార్చి 27న కోర్టు ఒక్కో చావుకు 10 లక్షలన్నది. 2023 అక్టోబరు 20న 30 లక్షలు చేసింది. మరి 2021 జూలైలో రాజ్యసభలో కేంద్ర ప్రభుత్వం ఏం చెప్పింది? పాకీపని వల్ల ఎవరూ చనిపోయినట్టు నమోదు కాలేదంది! జవాబిచ్చిన మంత్రి రాందాస్ అఠావలే ఒకప్పటి దళిత్ పాంథర్. మురుగుకాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 1993 నుంచి 941 మంది పోయారని ఆ రోజుల్లోనే అదే శాఖ ఇంకో జవాబూ ఇచ్చింది. చేత్తో ఎత్తితే పాకీపనట, గొయ్యిలో దిగితే 'ప్రమాదకరమైన శుభ్రత' అట. పేరు మార్చి సున్నా చూపించారు.

ఇదే ఆ మీటరు. 27 దాటి చూపకుండా చేసిన మీటరు. ఒక తేడా ఉంది. వాళ్ళది తెలియక చేసిన మీటరు. మన పాలకులది తెలిసి చేసిన మీటరు.

అక్కడ మీటరును మార్చారు, స్విచ్చులు తీసేశారు, ట్యాంకులను మళ్ళీ తయారుచేసి అదనంగా ఇంకో ట్యాంకు పెట్టారు. ఆ పనంతా అయ్యాకే 1971 జనవరి 31న అపోలో 14 లేచింది. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద యంత్రాన్ని దింపిన దేశానికి ఆరడుగుల గొయ్యిలో యంత్రాన్ని దింపడం రాదంటే ఎవరు నమ్ముతారు?

అందుకే మేము చందమామను వద్దనడం లేదు. మా పిల్లలు కూడా అక్కడికి పోవాలి, లెక్కలు గట్టే చోటా ఉండాలి, నడిచే చోటా ఉండాలి. మేము అడిగేది ఇది. గొయ్యిలో ఒక్క మనిషి చనిపోయినా విచారణ సంఘం వేయండి. అందులో మా వాళ్ళను కూర్చోబెట్టండి. ఏ కాంట్రాక్టరు, ఏ ఇంజనీరు, ఏ అధికారి, ఏ గాలి పంపు లేకపోవడం వల్ల పోయాడో రెండు నెలల్లో రాసి జనం ముందు పెట్టండి. అది తేలేదాకా ఆ ఊళ్ళో ఇంకో మూత తెరవొద్దు. లక్షలిచ్చి నోరు మూయించేది న్యాయం కాదు. వాడవాడనా మన చావుల లెక్క మనమే రాద్దాం. పాలకుల మీటరు చూపకపోతే మన మీటరు చూపాలి.

జై భీమ్!