టక్కుమన్న బండి

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాడికి బండి రిపేరుతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది. కాని బామ్మర్ది బండి కొన్నాడంటే అందులో బావ బాధ్యత సగమైనా ఉండక తప్పదు. ఆ బండి కొనమని సలహా ఇచ్చినవాడు ఆ బావే అయితే ఇక చెప్పేదేముంది?

మా బామ్మర్దిది కోరుట్ల. పదకొండేళ్ళు దుబాయిలో పనిచేసి వచ్చాడు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు ఉండదంటే అతిశయోక్తి కాదు. తిరిగి వచ్చినవాడు చేతిలో ఉన్న నాలుగు రాళ్ళను ఎక్కడ పెట్టాలో తెలియక నన్ను అడిగాడు. "బండి కొను. చక్రం తిరిగితే అన్నం దానంతట అదే వస్తుంది" అన్నాను. వాక్యం వినడానికి బాగుందని అన్నానే గాని, చక్రాల సంగతి నాకేం తెలుసు?

వాడు నా మాట నమ్మి సెకండ్‌హాండ్‌లో పికప్ బండి కొన్నాడు. పసుపు కాలంలో మెట్‌పల్లి, కోరుట్ల పల్లెల నుంచి నిజామాబాదు మార్కెట్టుకు బస్తాలు వేస్తాడు. ఎండాకాలం జగిత్యాల మార్కెట్టుకు మామిడికాయలు. మిగతా రోజుల్లో సిరిసిల్ల నుంచి గుడ్డ బేళ్ళు. ఏడాది పాటు అంతా సవ్యంగానే జరిగింది. తర్వాత ఒకనాడు బండి టక్కుమంది.

ఒక్కసారే. వెనక నుంచి ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు. దిగి చూస్తే ఏమీ లేదు. ఎక్కి కదిలిస్తే మళ్ళీ టక్.

మన దేశంలో జ్వరానికీ, బండి చప్పుడుకూ సలహా చెప్పనివాడు ఉండడు. పక్కింటాయన టైరులో రాయి ఇరుక్కుందన్నాడు. మా అత్తమ్మ దిష్టి తగిలిందని ముందు బంపరుకు నిమ్మకాయా, మిరపకాయలూ కట్టింది. తోటి డ్రైవరొకడు "పాటల సప్పుడు జర పెంచుకో అన్నా, గది ఇనబడది" అన్నాడు. నేనూ తక్కువ తినలేదు. "పాత బండి అన్నాక ఆ మాత్రం చప్పుడు ఉండదా?" అని తేల్చేశాను.

ఆ మధ్య ఒక పెండ్లికి వెళుతూ మా ఆవిడా, నేనూ ఆ బండి ముందు సీట్లోనే కూర్చున్నాం. దిగగానే ఆమె అన్నది: "తమ్మీ, ఈ సప్పుడు గోతులల్ల వస్తలేదురా. బండి కదిలిచ్చినప్పుడొకసారి, బిరేకు కొట్టినప్పుడొకసారి వస్తుంది. గది చూపెట్టు."

"నీకు బండి సంగతి ఏం తెలుసు?" అన్నాను నేను.

ఈ ప్రశ్న ఖరీదు 6,300 రూపాయలు. ఎలాగంటారా? కోరుట్లలో మొదటి మెకానిక్కు బండిని వెనక నుంచి నాలుగుసార్లు కిందికి అదిమి, షాకబ్జర్ల రబ్బరు బుష్షులు పోయాయని మార్చాడు, 1,800. ఆ వారమంతా బండి మీద లోడు ఉంది, చప్పుడు లేదు. బాగైందని సంతోషించాం. ఖాళీ బండి తెచ్చిన రోజు మళ్ళీ టక్. జగిత్యాలలో రెండో మెకానిక్కు కమాను పట్టీల చివర ఉండే షాకిల్ పిన్నులు, బుష్షులు రెండు పక్కలా మార్చి, ప్రొపెల్లర్ షాఫ్టుకు గ్రీజు కూడా పెట్టాడు; 4,500. బండి కొత్త పెండ్లికొడుకులా ఇంటికి వచ్చి, గుమ్మం ముందు ఆగుతూ టక్కుమంది.

వాళ్ళను నేను తప్పు పట్టను. మేము వాళ్ళకు చెప్పింది "వెనక చప్పుడొస్తుంది" అన్న ఒక్క ముక్కే. ఎప్పుడు, ఎలా అన్నది చెప్పలేదు. చెప్పగలిగిన మనిషిని నేనే నోరు మూయించాను.

ఇంతలో అసలు కథ అడ్డం తిరిగింది. కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే కొండగట్టు అంజన్నకు వస్తానని మా అత్తమ్మ మొక్కుకుంది. మొక్కు తీర్చాలి. ఇంట్లోనే బండి ఉండగా వేరే కిరాయి ఎందుకన్నారు. పిల్లాజెల్లా అంతా కలిసి పద్నాలుగు మంది లెక్క తేలారు. సరుకుల బండిలో మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదని నేను గొణిగాను. ఆ గొణుగుడు నాకే సరిగా వినబడలేదు. చివరికి సరేనన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. మా జిల్లాలో ఆ రోజును మరిచినవాళ్ళు లేరు. ఆ దిగుడు రోడ్డు తలచుకున్నకొద్దీ నా చెవిలో టక్, టక్ అని అదే చప్పుడు. మా ఆవిడా మేలుకొనే ఉంది. "ముందుగాల ఆ సప్పుడేందో తేలాలె. తేలందే నా పిల్లలను ఆ బండి ఎక్కనియ్య" అన్నది.

ఆదివారం బామ్మర్ది గుడ్డ బేళ్ళకోసం సిరిసిల్లకు ఖాళీ బండి తీసుకుపోతున్నాడు. మేమిద్దరం కూడా ఎక్కాం. కథలాపూర్, రుద్రంగి మీదుగా పోయి, వేములవాడలో రాజన్న దర్శనం చేసుకొని సిరిసిల్ల చేరాం. బేళ్ళు కట్టేవాళ్ళే ఒక ముసలి మెకానిక్కు పేరు చెప్పారు. అందరూ ఆయనను చాచా అంటారు. ఆయన షెడ్డుకు అటూ ఇటూ మరమగ్గాలు. ఆ టకటకల మధ్య నా మాట నాకే వినబడటం లేదు. ఇక్కడ ఈయన బండి చప్పుడేం వింటాడనుకున్నాను.

చాచా బండి ముట్టుకోనే లేదు. స్టూలు మీద కూర్చుని అడిగాడు: "ఎట్ల మొత్తుకుంటది సార్? కిర్రుమంటదా? లొడలొడమంటదా? గరగరమంటదా? టక్ మంటదా?"

నేను నోరు తెరిచాను. ఇరవై ఏళ్ళుగా క్లాసులో అనుకరణ శబ్దాలు చెబుతున్నాను. నా దృష్టిలో అవి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఈయనకు అవి నాడి. కిర్రుమంటే రబ్బరో, పట్టీలో ఎండిపోయి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయట. లొడలొడమంటే ఏదో వదులై వేలాడుతున్నదట. గరగరమని, వేగంతోపాటు పెరిగితే చక్రం బేరింగు చూడాలట. టక్ అని ఒక్కటే దెబ్బ పడితే, ఏదో బరువైనది తన చోటు వదిలి జరిగి, అడ్డం తగిలి ఆగుతున్నదట.

"టక్ మంటది చాచా" అన్నాడు బామ్మర్ది.

"ఎప్పుడు?"

నేనూ, వాడూ మొహాలు చూసుకున్నాం. మా ఆవిడ ముందుకు వచ్చి చెప్పింది: "కదిలినప్పుడొకటి, బిరేకు కొడితే ఒకటి. లోడుంటే రాదు. ఎడమ దిక్కు, వెనుక."

చాచా స్టూలు ఆమె వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత మా ఇద్దరినీ ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు.

ఇక్కడ కాస్త కమాను సంగతి చెప్పాలి. పారశీకంలో కమాన్ అంటే విల్లు. బండి వెనక ఇరుసు మీద విల్లులా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. అన్నిటికన్నా పొడుగుపాటిది పైన. దాని రెండు కొసలే బండి చట్రాన్ని పట్టుకుంటాయి. పట్టీలన్నిటికీ నడుమ ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాల గుండా పోయేది సెంటర్ బోల్టు. దాని తల ఇరుసు మీది గుంటలో కూర్చుని, ఇరుసు ఎక్కడ ఉండాలో చెబుతుంది. కట్టను ఇరుసుకు అదిమి పట్టుకునేవి మాత్రం పక్కకు రెండేసి ఉండే యూబోల్టులు. యూబోల్టులు బిగువుగా ఉన్నంతకాలం సెంటర్ బోల్టుకు కష్టం లేదు. అవి వదులైతే ఇరుసు తోపు అంతా ఆ వేలెడు బోల్టు మీద పడుతుంది. ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

చాచా కింద దూరి టార్చి వేశాడు. ఎడమ పక్క పట్టీలు ఇరుసు మీద కూర్చునేచోట ఎర్రటి తుప్పు పొడి, దాని పక్కనే రాసుకొని మెరుస్తున్న ఇనుము చూపించాడు. తర్వాత పక్క షెడ్డు నుంచి బారెడు నూలు దారం తెప్పించాడు. కమాను ముందు కొస పిన్ను నుంచి ఇరుసు నడిమి దాకా కుడి పక్కన కొలిచి ముడి వేశాడు. అదే దారం ఎడమ పక్కన పట్టాడు. ముడి వేలెడు పొట్టి అయింది. ఎడమ పక్కన ఇరుసు వెనక్కి జరిగిందన్నమాట!

"ఇప్పుడు నువ్వెక్కు. బిరేకు తొక్కిపట్టి కొంచెం ముందుకు, కొంచెం రివర్సు" అన్నాడు బామ్మర్దితో. మమ్మల్ని పక్కన దూరంగా నిలబెట్టాడు. బండి కదలబోయింది, మా కళ్ళ ఎదుటే ఇరుసు కమాను కింద జరిగి టక్కుమంది. రివర్సు వేస్తే ఇటు జరిగి టక్. ఇన్నాళ్ళు చెవులతో వెతికినదాన్ని కళ్ళతో చూశాం. లోడు ఉన్నప్పుడు ఆ బరువే కమానును ఇరుసు మీద అదిమి పట్టేది. అందుకే మౌనం.

కట్ట విప్పితే సెంటర్ బోల్టు రెండు ముక్కలుగా వచ్చింది. ముక్కలను అరచేతిలో పెట్టుకొని చాచా పట్టీలు లెక్కపెట్టాడు. కింది నుంచి రెండోదాన్ని గోటితో కొట్టి, "ఇది బండితోటి వచ్చింది కాదు. ఎవరేసిండ్రు?" అన్నాడు.

బామ్మర్ది తల వంచుకున్నాడు. కాసేపటికి అన్నాడు: "నేనే ఏయించిన బావా. ట్రిప్పుకు ఇంకో ఆరు బస్తాలు ఎక్కుతయని. మెకానిక్కులకు చెప్పలె. లోడ్ ఎక్కువ కొడుతున్నవని నువ్వు తిడుతవనుకున్న."

రాబర్ట్ హుక్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు స్ప్రింగుల సూత్రం కనిపెట్టి, 1676లో దాన్ని అక్షరాలు తారుమారు చేసిన చిక్కుముడిగా అచ్చువేశాడు. రెండేళ్ళ తర్వాత, 1678లో గాని విప్పి చెప్పలేదు. వేసిన బరువును బట్టే స్ప్రింగు సాగుతుందన్నది ఆ సూత్రం. ఆయన దాచింది కీర్తి కోసం. మావాడు దాచింది ఆరు బస్తాల కోసం. కొత్త పట్టీ వేయించినప్పుడు కొన్నాళ్ళు తిప్పి, పట్టీలు సర్దుకున్నాక యూబోల్టులు మళ్ళీ బిగించాలట. దాచిపెట్టిన పని కనుక మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వదులైన బోల్టు మీద అధిక బరువు. ఇంకేం కావాలి?

"ఇట్లనే గుట్ట దిగితే ఏమయ్యేది చాచా?" అని అడిగింది మా ఆవిడ.

చాచా వెంటనే జవాబు చెప్పలేదు. "ఇరుసు ఒక దిక్కు జరిగితే బండి నువ్వు తిప్పిన దిక్కు పోదమ్మా, అది గుంజిన దిక్కు పోతది" అన్నాడు.

బామ్మర్ది మొహం చూడలేకపోయాను. ఆ పద్నాలుగు మందిలో వాడి ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు.

కొత్త సెంటర్ బోల్టులు, రెండు పక్కలా కొత్త యూబోల్టులు, కూలితో కలిపి 2,100 అయింది. అదనపు పట్టీ తీసేయమని బామ్మర్దే చెప్పాడు. ట్రిప్పుకు ఆరు బస్తాల కిరాయి పోతుంది. బండి మీది అప్పు తీరడానికి ఇంకో ఏడాది ఎక్కువ పడుతుంది. అది చిన్న మాట కాదు. నేను "పోనీలేరా" అన్నాను. అప్పు నాది కాదు కనుక ఆ మాట సులువుగా వచ్చింది. ఆ సంగతి గుర్తొచ్చి, ఆ నెల వాయిదాలో కొంత నేను కట్టాను.

"రెండు వందల కిలోమీటర్లు తిరిగినంక రా, మళ్ళ బిగిస్త. పైసలొద్దు" అన్నాడు చాచా. వాడు ఈసారి మరచిపోలేదు.

మొక్కు మాత్రం చెల్లించుకున్నాం, ఆర్టీసీ బస్సులో టిక్కెట్లు కొనుక్కొని. మా అత్తమ్మ నిమ్మకాయలు బండికి ఇంకా కట్టే ఉన్నాయి. అవే బండిని కాపాడాయని ఆవిడ నమ్మకం. నేను ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ మూలిగినా, ఫ్యాను కిర్రుమన్నా నేను మెకానిక్కును పిలిచే ముందు మా ఆవిడను పిలుస్తాను. "ఎప్పుడొస్తుంది? ఎలా వస్తుంది?" అని అడుగుతాను. ఆమె వెంటనే చెబుతుంది. మొన్న మాత్రం ఒక నిట్టూర్పు విడిచి, "అన్ని సప్పుళ్ళకు కారణం దొరికిందిగని, మీ గురకకే దొరుకుత లేదు" అన్నది.

సిరిసిల్ల తీసుకుపోదామా అని ఆలోచిస్తున్నదట.