పని నిలిచిన నౌక

మహానౌకల చరిత్రలు వ్రాయువారు సాధారణముగా వాని వేగమును, భోజనశాలల వైభవమును, వానిలో పయనించిన ప్రముఖుల నామములను వర్ణించి తృప్తి నొందుదురు. క్వీన్ మేరీ విషయమునను జరిగినది ఇదియే. 1936 మే 27న సౌతాంప్టన్ నుండి తొలియాత్రకు బయలుదేరి, ఆ వేసవిలోనే ఫ్రెంచివారి నార్మండీని మించిన వేగముతో అట్లాంటిక్‌ను దాటుట ఘనకార్యమే. కాని ఆ నౌక చరిత్రలో మనము ప్రధానముగా తెలిసికొనవలసినది అది కదలక నిలిచిన కాలమని నా దృఢాభిప్రాయము.

స్కాట్లాండునందు క్లైడ్ నదీతీరమున, క్లైడ్‌బ్యాంక్ పట్టణములోని జాన్ బ్రౌన్ నౌకానిర్మాణశాలలో 1930 డిసెంబరున పని ఆరంభమైనప్పుడు దానికి పేరు లేదు, 534 అను సంఖ్య మాత్రమే ఉండెను. ఆర్థికమాంద్యము ముదిరి ప్రయాణికులు తగ్గిపోగా, 1931 డిసెంబరులో, క్రిస్మస్ పండుగ ముంగిట, కునార్డ్ సంస్థ పని నిలిపివేసెను. వేలకొలది కార్మికులు ఒక్కమారుగా వీధిపాలైరి. కార్మికుల ఇండ్ల కప్పులను మించి నిలిచిన ఆ ఉక్కు కళేబరము 27 నెలలకు పైగా తుప్పుపట్టుచు, ఊరివారికి దినదినమును తమ నిరుద్యోగమును గుర్తుచేయుచుండెను. ఆ పట్టణము పక్షమున పార్లమెంటులో డేవిడ్ కర్క్‌వుడ్ విడువక వాదించెను; ఆయనయు పూర్వము యంత్రశాలలో పనిచేసినవాడే.

కట్టకడపట ప్రభుత్వము, కునార్డ్, వైట్ స్టార్ సంస్థలు విలీనము కావలెనను నియమముతో, 95 లక్షల పౌండ్ల వరకు ఋణమీయ నంగీకరించెను. 1934 ఏప్రిల్ 3న కార్మికులు బ్యాగ్‌పైపుల వాద్యముతో ఊరేగుచు పనిలోనికి మరలిరి. ప్రజాధనముతో ఒక ప్రైవేటు సంస్థను నిలబెట్టుట యుక్తమా యని ప్రశ్నించువారు గలరు. యుక్తమే యందును. రివెట్లు బిగించువారు, వడ్రంగులు, యంత్రకారులు తరతరములుగా గడించిన నైపుణ్యము ఒకమారు చెదరిపోయినచో ఎంత ధనము వెచ్చించినను తిరిగి రాదు. ఆ ఋణమే తరువాత క్వీన్ ఎలిజబెత్ నిర్మాణమునకును ఆధారమయ్యెను. యుద్ధకాలమున ఈ రెండు నౌకలును సైన్యములను తరలించెను. 1943 జులైలో ఒక్క యాత్రయందే క్వీన్ మేరీ 16,683 మందిని మోసెను. ఆ ప్రభుత్వసాయమునందు నాకు తోచు లోపమొక్కటే, దాని ఆలస్యము.

1967 నుండి ఆ నౌక కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ రేవున నిలిచియున్నది. ఇకమీద దాని చరిత్ర వ్రాయబూనువారు రాజదంపతుల సమక్షమున జరిగిన జలప్రవేశోత్సవముతో గాక, 1931 డిసెంబరులో పని కోల్పోయి ఇంటిదారి పట్టిన కార్మికులతో ప్రారంభింతురు గాక.