కాలు తీసేస్తేనే క్లెయిమ్ (చీపురు పట్టినోళ్ల చట్టాలు – 9వ భాగం)

"అన్నా, పర్మినెంట్ చెయ్యమని అడగాల్సిన టైంలో ఈ కాలి పుండ్ల గొడవేంటి?" అని ఒక విద్యార్థి మిత్రుడు అడిగాడు. తమ్ముడూ, పర్మినెంట్ ఆర్డర్ వచ్చే రోజుకి ఆ మనిషి నిలబడటానికి కాళ్లుండాలి కదా!

తెల్లారి 5 గంటలకు రోడ్డెక్కిన పారిశుధ్య కార్మికురాలి పాదాలు మధ్యాహ్నం దాకా తడిలోనే. వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడి చిట్లుతుంది. మడమలు పగుల్తాయి. ఆనెకాయలు లేస్తాయి. ఇచ్చే గమ్‌బూట్లు మగవాళ్ల సైజువి. వేసుకుంటే ఒరుసుకుపోతాయి, వేసుకోకపోతే సూపర్‌వైజర్ తిడతాడు. దీనికి షుగర్ తోడైందనుకోండి, పాదం నరాలు మొద్దుబారతాయి. గాజుపెంకు దిగినా తెలీదు. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటుంటే రక్తం కనిపిస్తుంది.

ఆ దశలో కావాల్సింది పెద్ద వైద్యమేం కాదు. పుండు శుభ్రం చేసి కట్టు కట్టాలి, షుగర్ అదుపులో పెట్టాలి, కొన్ని వారాలు ఆ కాలి మీద బరువు పడకుండా చూడాలి. సరిగ్గా అక్కడే బీమా చేతులెత్తేస్తుంది. మామూలు గ్రూప్ పాలసీ 24 గంటలు ఆసుపత్రిలో చేరితేనే పలుకుతుంది. డ్రెస్సింగుకి రోజూ ఓపీకి వెళ్తే పైసా రాదు. కంపెనీలు ఇవ్వనక్కర్లేని వస్తువులంటూ ఐఆర్‌డీఏఐ ఒక జాబితా పెట్టింది. షుగర్ రోగుల చెప్పులు అందులో ఉన్నాయి. కాలు కుళ్లి కోసేస్తే బిల్లు కడతారు. కుళ్లకుండా కాపాడే చెప్పుకి మాత్రం కట్టరు.

ఈఎస్ఐ ఉంది కదా అంటారా? ఉంది, కాదనను. ఓపీ ఉంది, మందులున్నాయి, చివరికి కృత్రిమ కాలు కూడా ఇస్తుంది. కానీ పని వల్ల అయిన గాయమని ఒప్పుకుంటే జీతంలో 90 శాతం. జబ్బు అంటే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులు, అదీ ఆరు నెలల్లో 78 రోజుల చందా పడి ఉంటే. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఆ చందా లెక్క ఎక్కడ తెగుతుందో మన అక్కలకు తెలుసు. పుండు చూపిస్తే "ఇది నీ షుగర్" అంటారు. గాజుపెంకు వీధిదే, పుండు మాత్రం ఆమె సొంతం! అందుకే కట్టు విప్పేసి మళ్లీ డ్యూటీకి పోతారు.

వేళ్లకు మాత్రం చట్టం ముందే రేటు కట్టింది. కాలి బొటనవేలు మొదలంటా పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టం, మిగతా వేళ్లలో ఒకటి పోతే 3 శాతం. ఈ లెక్క ఇంత పక్కాగా రాసినవాళ్లు, ఆ వేలు నిలబెట్టడానికి ఏం చెయ్యాలో రాయలేదు.

ఆంధ్రాలో మున్సిపల్ కార్మికులు నెలకు 6,000 ఆరోగ్య భత్యం సాధించుకున్నారు. 2022 జులైలో దానికోసం మళ్లీ సమ్మె కట్టాల్సొచ్చింది. ఆ పోరాటానికి దండం. కానీ ఆ డబ్బు ఇంటద్దెకీ పిల్లల ఫీజుకీ పోతుంది, పాదం దాకా రాదు. పైగా 2017 నుంచి ఈఎస్ఐ జీతం పరిమితి 21,000 దగ్గరే ఆగింది. జీతం పెరిగి ఆ గీత దాటితే ఆసుపత్రి కార్డు పోతుంది. జీతం పెంచమని అడగడానికే భయపడే పరిస్థితి!

పురుషసూక్తం శూద్రులను పాదాల్లోంచి పుట్టించింది. మనకు ఆ పాదాలూ ఇవ్వలేదు, పంచములమన్నారు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ, దొర ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచాడు. పాదమంటే ఈ దేశంలో కులం చూసి పట్టించుకునే అవయవం. పాలసీ రాసే గుమాస్తాకి ఇదంతా తెలియకపోవచ్చు, తెలియకుండానే అదే రాస్తున్నాడు.

మన యూనియన్ల డిమాండ్ పత్రాల్లో సబ్బులు, కొబ్బరి నూనె, చెప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని చూసి నవ్వే మేధావులున్నారు. నవ్వనివ్వండి, మనం ఆ లైనే పొడిగిద్దాం: ఆడవాళ్ల సైజు బూట్లు, మూడు నెలలకోసారి డ్యూటీ టైంలోనే పాదాల పరీక్ష, పుండు మానేదాకా జీతంతో సెలవు, షుగర్ ఉన్నవాళ్లకు మెత్తటి చెప్పులు. వీధిలో గుచ్చుకున్న ప్రతి గాయం అదే రోజు ప్రమాద రిజిస్టర్లో ఎక్కాలి. ఇది లేకపోతే మిగతావేవీ నిలబడవు, రేపు "నీ షుగర్" అన్నవాడికి చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

క్యాంపస్ మిత్రులకు ఒక పని. మీ మున్సిపాలిటీ కాంట్రాక్టు ఒప్పందం కాపీ సమాచార హక్కు కింద తీసుకోండి. బూట్లు అని ఉన్నచోట సైజు రాశారేమో, వైద్యం అని ఉన్నచోట పాదం ఉందేమో చూసి పంపండి. వచ్చే భాగం వాటి మీదే.

జై భీమ్.